పాత కారు, కొత్త పెట్రోలు, నడుమ కార్బొరేటర్

చెరుకుపల్లి నుంచి రేపల్లెకు, తెనాలికి, బాపట్లకు పోయే రోడ్ల మీద కాసేపు నిలబడితే కొత్త కార్ల వరసలో ఒక పాత మారుతి 800 కంటబడుతుంది. పెరటి షెడ్లలో టార్పాలిన్ కింద ప్రీమియర్ పద్మినీలు, అంబాసిడర్లు కూడా అక్కడక్కడా మిగిలే ఉన్నాయి. వీటి ఇంజిన్లు గట్టివి. వేళకు ఆయిలు మారిస్తే పిస్టన్లు, వాల్వులు ఏళ్ల తరబడి పేచీ పెట్టవు. పొద్దున్నే స్టార్టు కాకపోవడం, గేటు దగ్గర ఆగితే ఇంజిన్ కూడా ఆగిపోవడం, తొక్కగానే బండి ఓసారి జర్కు ఇచ్చి ఆ తర్వాత అందుకోవడం, లీటరుకు పద్దెనిమిది ఇచ్చే బండి పన్నెండుకు దిగిపోవడం: ఇలాంటి ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇంజిన్ మీద కూర్చున్న, అరచేతిలో పట్టే ఓ లోహపు దిమ్మలో దొరుకుతుంది. అదే కార్బొరేటర్.

షెడ్డుకు తీసుకెళ్తే సాధారణంగా వినబడే సలహాలు రెండు. పాతది తీసేసి కొత్తది వేసేద్దామని ఒకరంటారు. రబ్బరు, ప్యాకింగుల రిపేరు కిట్టు మార్చి గాలి కొట్టిస్తే చాలని ఇంకొకరంటారు. ఈ రెండింటి మధ్య తేల్చుకోవాలంటే ఆ దిమ్మ లోపల జరిగే పని తెలియాలి. నా మట్టుకు నేను చెప్పేది ఇదీ: బాడీ పగలకుండా ఉన్నంతవరకు కంపెనీ ఆ ఇంజిన్ కోసం బిగించిన కార్బొరేటర్‌నే బాగుచేసుకోవాలి. మార్చక తప్పకపోతే ఇంజిన్ ఎంత గాలి పీలుస్తుందో లెక్కగట్టి ఎంచుకోవాలి. ఏది చేసినా, ఇవాళ బంకులో పోస్తున్న పెట్రోలు ఆ కారు పుట్టిన నాటి పెట్రోలు కాదని గుర్తుపెట్టుకుని చేయాలి.

మారుతి 800 మొదటి తాళాలు కొనుగోలుదారు చేతికి అందింది 1983 డిసెంబరు 14న. 796 సీసీ, మూడు సిలిండర్లు. 2000 ప్రాంతంలో ఉద్గార నిబంధనలు బిగిసి, వెనక అద్దం కింద ఇంజెక్షన్ పద్ధతిని సూచించే 'ఎంపీఎఫ్ఐ' అక్షరాలు వచ్చేదాకా ఈ కారు కార్బొరేటర్‌తోనే నడిచింది. జపాన్ మికుని సంస్థ పరిజ్ఞానంతో చెన్నై కంపెనీ యూకాల్ వాటిని తయారుచేసేది. పద్మిని ఇటలీ ఫియట్ 1100 సంతతి, 1089 సీసీ. అంబాసిడర్ పాత పెట్రోలు ఇంజిన్ 1489 సీసీ. మారుతి 800 తయారీ 2014 జనవరిలో ఆగింది. అదే ఏడాది మే నెలలో ఉత్తరపారాలో అంబాసిడర్ ఫ్యాక్టరీ కూడా ఆగింది. కార్లు మాత్రం ఇంకా తిరుగుతున్నాయి.

గాలి లెక్క

పెట్రోలు ద్రవంగా మండదు. ఆవిరై గాలిలో తగిన పాళ్లలో కలిస్తేనే మండుతుంది. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండాలంటే 14.7 గ్రాముల గాలి కావాలి. లీటరు పెట్రోలు బరువు సుమారు 740 గ్రాములు కనుక దానికి పదకొండు కిలోల గాలి పడుతుంది. మన ఎండలకు ఆ గాలి ఆక్రమించే చోటు తొమ్మిది వేల లీటర్లకు పైమాటే. లీటరుకు 18 కిలోమీటర్లు ఇచ్చే కారు గంటకు 60 వేగంతో పోతున్నప్పుడు సెకనుకు ఒక మిల్లీలీటరు కూడా పెట్రోలు తాగదు, కానీ ఎనిమిది లీటర్లకు పైగా గాలి పీలుస్తుంది. ఇంత గాలిలో అంత చిన్న బొట్టును, వేగం మారిన ప్రతిసారీ అదే నిష్పత్తిలో కలపాలి. కంప్యూటరు లేదు, సెన్సరు లేదు, కరెంటు తీగ కూడా అక్కర్లేదు. కొన్ని రంధ్రాలు, ఒక ఫ్లోటు, రెండు మూడు స్ప్రింగులు ఆ పని చేస్తాయి.

సూత్రం పాతదే. పారే ద్రవంలో వేగానికీ పీడనానికీ ఉన్న సంబంధాన్ని డేనియల్ బెర్నౌలీ 1738లో పుస్తకంగా వేశాడు. ఇటలీకి చెందిన వెంచురీ 1797లో సన్నబడిన గొట్టాల్లో ప్రవాహం గురించి రాశాడు. గొట్టం మధ్యలో ఇరుకైతే అక్కడ గాలి వేగం పెరుగుతుంది, పీడనం తగ్గుతుంది. ఆ ఇరుకులోకి ఒక సన్నటి నాజిల్ పెట్టి, దాని రెండో కొసను పెట్రోలు గదిలో ఉంచితే, గదిలో ఉన్న మామూలు వాతావరణ పీడనమే పెట్రోలును పైకి నెడుతుంది. ఒకప్పుడు ఇళ్లలో దోమలకు కొట్టిన ఫ్లిట్ పంపు పనిచేసింది కూడా ఇలాగే. జర్మనీలో విల్‌హెల్మ్ మేబాఖ్, హంగరీలో బాంకి, చోంకా దాదాపు ఒకే కాలంలో, 1893 ప్రాంతంలో, ఈ స్ప్రే పద్ధతిని మోటారు ఇంజిన్‌కు పట్టించారు.

అయితే ఒక్క రంధ్రంతో పని జరగదు. కార్బొరేటర్‌లో ఉన్న చిక్కంతా, అందమంతా ఇక్కడే ఉంది. 796 సీసీ ఇంజిన్ నిమిషానికి 5,500 చుట్లు తిరిగేటప్పుడు, సిలిండర్లు ఎనభై శాతం నిండుతాయనుకుంటే, సెకనుకు సుమారు 29 లీటర్ల గాలి కావాలి. వెంచురీ అని పిలిచే ఆ ఇరుకు 19 మిల్లీమీటర్లు ఉంటే అందులో ఆ గాలి సెకనుకు వంద మీటర్ల వేగం అందుకుంటుంది. అప్పుడు అక్కడ పీడనం ఐదారు శాతం పడిపోతుంది. డెబ్బై ఎనభై సెంటీమీటర్ల ఎత్తుకు పెట్రోలును లేపగల లాగుడు అది. అదే ఇంజిన్ స్లోలో, 800 చుట్ల దగ్గర, గాలి దారిని తెరిచి మూసే బటర్‌ఫ్లై దాదాపు మూసుకుని ఉండగా, సెకనుకు లీటరున్నర గాలి కూడా పీల్చదు. వెంచురీలో వేగం సెకనుకు నాలుగైదు మీటర్లు. ఆ లాగుడుకు పెట్రోలు రెండు మిల్లీమీటర్లు కూడా లేవదు. నాజిల్ మూతి చూస్తే గదిలోని పెట్రోలు మట్టానికి నాలుగైదు మిల్లీమీటర్లు పైన ఉంటుంది. అంటే స్లోలో, ఈ నాజిల్ కు పెట్రోలు కొలిచి పంపే మెయిన్ జెట్టు నుంచి ఒక్క చుక్క రాదు.

అందుకే స్లోకి వేరే దారి పెట్టారు. మూసుకున్న బటర్‌ఫ్లై కింద ఇంజిన్ లాగుడు చాలా బలంగా ఉంటుంది కనుక పైలట్ జెట్టు అనే చిన్న జెట్టు గుండా వచ్చే పెట్రోలు అక్కడున్న రంధ్రంలోంచి ఇంజిన్‌లోకి పోతుంది. బటర్‌ఫ్లై కొద్దిగా తెరుచుకోగానే దాని అంచు దాటే చోట ఇంకో రెండు మూడు సూదిబెజ్జాలుంటాయి. స్లో నుంచి మెయిన్‌కి మారే ఆ సందును అవే భర్తీ చేస్తాయి. నెమ్మదిగా తొక్కితే జర్కు వచ్చి, గట్టిగా తొక్కితే బండి బాగానే పోతోందంటే ముందు అనుమానించాల్సింది ఈ బెజ్జాలనే. తటాలున తొక్కినప్పుడు గాలి వెంటనే పెరుగుతుంది, బరువైన పెట్రోలు వెనకబడుతుంది. ఆ క్షణానికి ఒక పిచికారీ అందించేది యాక్సిలరేటర్ పంపు, దాని రబ్బరు డయాఫ్రం. వేగం పెరిగేకొద్దీ మెయిన్ జెట్టు అవసరానికి మించి పెట్రోలు ఇవ్వబోతుంది. దాన్ని అదుపు చేయడానికి పైన ఎయిర్ జెట్టు, దాని కింద పక్కల చిల్లులున్న సన్నటి ఇత్తడి గొట్టం ఉంటాయి. అవి పెట్రోలులోకి ముందే కాస్త గాలిని నురగలా కలుపుతాయి. ఈ గొట్టం చిల్లుల్లో ఒక్కటి పూడినా పెద్ద వేగంలో మైలేజీ పడిపోతుంది. మెకానిక్ ఎన్నిసార్లు స్లో స్క్రూ తిప్పినా అది బాగుపడదు. ఆ స్క్రూకు ఈ గొట్టంతో సంబంధమే లేదు.

ఏది వేయాలి

పెద్ద కార్బొరేటర్ వేస్తే పికప్ పెరుగుతుందన్న నమ్మకం గట్టిగా నాటుకుపోయింది. పై లెక్కతోనే దాన్ని పరీక్షించవచ్చు. 19 మిల్లీమీటర్ల వెంచురీ చాలే 800 సీసీ ఇంజిన్‌కు 26 మిల్లీమీటర్లది బిగించామనుకుందాం. వైశాల్యం దాదాపు రెట్టింపవుతుంది, గాలి వేగం దాదాపు సగమవుతుంది. లాగుడు వేగం వర్గాన్ని బట్టి మారుతుంది కనుక అది మూడున్నర రెట్లు తగ్గిపోతుంది. పెట్రోలు పొగమంచులా చిమ్మాల్సింది పోయి పెద్ద బొట్లుగా పడి, మేనిఫోల్డ్ గోడలకు అంటుకుని జారుతుంది. ఐదు వేల చుట్ల పైన ఏమైనా లాభం ఉంటే ఉండవచ్చు. చెరుకుపల్లి నుంచి రేపల్లె దాకా గేదెలను, వరి ట్రాక్టర్లను దాటుకుంటూ మూడో గేరులో, రెండున్నర వేల చుట్లతో పోయే బండికి అది శుద్ధ నష్టం. అదే లెక్క 1089 సీసీ పద్మినికి వేస్తే 21, 22 మిల్లీమీటర్ల దగ్గర తేలుతుంది. పాత సోలెక్స్ కార్బొరేటర్ల పేర్లలో కనబడే 32 వంటి అంకె, కింద బటర్‌ఫ్లై ఉన్న గొట్టం వ్యాసం. వెంచురీ అంతకన్నా సన్నగా ఉంటుంది. కొనేవాళ్లు ఈ రెండింటినీ ఒకటనుకోకూడదు.

కంపెనీ కార్బొరేటర్‌నే కాపాడుకోమనడానికి ఇంకో బలమైన కారణం ఉంది. జెట్టు నంబర్లు, సూదిబెజ్జాల స్థానం, పంపు ఎంత చిమ్మాలో, ఇవన్నీ ఆ ఇంజిన్‌ను పరీక్ష బెంచి మీద నడిపి తేల్చినవి. బయట దొరికే చౌక కాపీలు బిగింపుకు సరిపోతాయి కానీ లోపలి కొలతల్లో ఒకదానికీ ఇంకోదానికీ పొంతన ఉండదు. పాతికేళ్లు నడిచిన అసలు బాడీ, కొత్త కాపీ రెండూ బల్ల మీద ఉంటే నేను పాతదాన్నే చేతిలోకి తీసుకుంటాను. ఫ్లాంజి దగ్గర పగులు, స్క్రూ మరలు పూర్తిగా పోవడం, ఉప్పుగాలికి లోపలి దారులు తెల్లపొడి పట్టి తినేసి ఉండడం, ఈ మూడింటిలో ఏదైనా ఉంటేనే వేరేది వెతకాలి. అప్పుడు కూడా తుక్కుకు పోయిన అదే మోడల్ కారు నుంచి తీసినది మేలు. గుంటూరు, విజయవాడ ఆటోనగర్లలో అడిగి వెతికితే దొరకవచ్చు. చాలా పాత బండ్ల భాగాలు ఎలాగూ తుక్కులోకే పోతున్నాయి.  ఇత్తడి జెట్లున్న మంచి కార్బొరేటర్ ఒకటి కాటాకు పోకముందే దక్కించుకుంటే ఒక కారు బతుకుతుంది.

పనివాడి సంగతి కూడా చెప్పాలి. కార్ల షెడ్లలో కుర్రాళ్లకు స్కానరు పెట్టి కోడు చదవడం బాగా వచ్చు, ఫ్లోట్ మట్టం కొలవడం అలవాటు తప్పింది. బైకు మెకానిక్‌లకు మాత్రం అది పోలేదు. 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 ఉద్గార నిబంధనలు వచ్చేదాకా మన రోడ్ల మీది మోటారు సైకిళ్లలో అత్యధికం కార్బొరేటర్‌తోనే వచ్చాయి. పొలాల్లో మందు కొట్టే తైవాన్ పంపుల్లోనూ చిన్న కార్బొరేటర్లే. కారు మెకానిక్ చేతులెత్తేస్తే ఊళ్లో పేరున్న బైకు మెకానిక్‌ను అడగడం చిన్నతనం కాదు. సూత్రం ఒక్కటే, జెట్టు పట్టుకునే చెయ్యి ముఖ్యం.

విప్పి, కడిగి, కొలిచి

ముందు బ్యాటరీ తీగ తీయాలి. పని ఆరుబయట, గాలి ఆడేచోట, బీడీకీ పొయ్యికీ దూరంగా చేయాలి. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు కనుక నేలబారుగా పాకి దూరంగా ఉన్న నిప్పును కూడా అందుకుంటుంది.

విప్పే ముందు ప్రతి గొట్టం ఎక్కడ తగిలించి ఉందో ఫోనులో ఫోటోలు తీసుకోవాలి. స్లోలో మిశ్రమాన్ని సర్దే మిక్స్చర్ స్క్రూను తీసేముందు మెల్లగా లోపలికి తిప్పి ఎన్ని చుట్లకు ఆగిందో రాసుకోవాలి. మళ్లీ బిగించేటప్పుడు అదే మొదటి గుర్తు. ఆ స్క్రూ సూదిమొన మీద గీత పడి ఉంటే ఎవరో గతంలో బలంగా బిగించారన్నమాట. అలాంటిదాన్ని మార్చాలి, అది ఉండగా స్లో ఎన్నటికీ నిలకడగా కుదరదు.

కడగడానికి కార్బొరేటర్ క్లీనరు స్ప్రే బాగుంటుంది. రబ్బరు, ప్లాస్టిక్ ముక్కలన్నీ ముందే తీసేయాలి. ఇంజెక్టర్లు శుభ్రం చేసే షాపుల్లో అల్ట్రాసానిక్ తొట్టె ఉంటుంది. బంకలా గడ్డకట్టిన పాత పెట్రోలును లోపలి వంకర దారుల నుంచి ఊడదీయడానికి దాన్ని మించింది లేదు. కాస్టిక్ సోడా లాంటి ఘాటు పదార్థాల్లో మాత్రం నానబెట్టవద్దు. బాడీ జింకు, అల్యూమినియం మిశ్రమం, కాస్టిక్ దాన్ని తినేస్తుంది. ఆ తర్వాత ప్రతి దారిలో కంప్రెసర్ గాలి పెట్టి, రెండో వైపు నుంచి వస్తోందో లేదో వేలు అడ్డుపెట్టి చూడాలి.

జెట్టులో ఇనుప తీగ దూర్చడం షెడ్లలో రోజూ జరిగే పని. దాన్ని మానుకోమని గట్టిగా చెప్పాలనిపిస్తుంది. జెట్టు మీద 100 అని ఉంటే, సోలెక్స్ లెక్కలో రంధ్రం ఒక మిల్లీమీటరు. మెత్తటి ఇత్తడిని తీగతో గీకి 1.05 చేస్తే కంటికి తేడా తెలియదు. వైశాల్యం మాత్రం పది శాతం పెరుగుతుంది, పెట్రోలూ అంతే పెరుగుతుంది. లీటరుకు 18 ఇచ్చిన బండి ఎందుకు 16కు దిగిందో ఆ తర్వాత ఎవరికీ అంతుపట్టదు. పూడిన జెట్టును నానబెట్టాలి, గాలి కొట్టాలి. తప్పకపోతే నైలాన్ పోగు వాడాలి.

ఫ్లోటును చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల పెట్రోలు చప్పుడు వినబడకూడదు. అనుమానంగా ఉంటే వేడినీళ్లలో ముంచితే చిల్లున్న చోట బుడగలు వస్తాయి. ఫ్లోటు లేచినప్పుడు పెట్రోలు దారిని మూసే నీడిల్ వాల్వు మొనలో గీత కనబడితే సీటుతో సహా మార్చాలి. ఫ్లోట్ మట్టం ఎంతుండాలో ఆ మోడల్ మాన్యువల్లో మిల్లీమీటర్లలో ఉంటుంది. అంచనాతో వంచకూడదు. మట్టం రెండు మిల్లీమీటర్లు పెరిగితే మలుపుల్లో పెట్రోలు నాజిల్ మీదుగా పొంగుతుంది, తగ్గితే మెయిన్ జెట్టు ఆలస్యంగా అందుకుంటుంది.

కిట్టు వేసినా బాగుపడని కార్బొరేటర్లలో రెండు జబ్బులు తరచుగా ఉంటాయి, రెండూ కిట్టులో దొరకనివే. మొదటిది వంగిన ఫ్లాంజి. లీకు ఆపాలని ఒకరి తర్వాత ఒకరు నట్లు బిగించుకుంటూ పోగా చెవులు కిందికి వంగుతాయి, నడుమ సందు పడుతుంది. మందపాటి అద్దం మీద సన్న ఎమరీ కాగితం పరిచి, బాడీని చుట్టూ సమంగా రుద్దితే చదునవుతుంది. రెండోది బటర్‌ఫ్లైని తిప్పే థ్రాటిల్ షాఫ్ట్ అరిగిపోవడం. దాన్ని పట్టుకుని పైకీ కిందికీ ఆడిస్తే ఆట తెలుస్తుంది. ఆ సందులోంచి లెక్కలోకి రాని గాలి లోపలికి పోతుంది. ఇంజిన్ స్లోలో ఉన్నప్పుడు షాఫ్ట్ చివర్ల మీద కొద్దిగా డబ్ల్యూడీ 40 కొడితే చుట్లు మారతాయి, అదే రుజువు. మంచి లేత్ పనివాడు సన్నటి ఇత్తడి బుష్షులు వేసి ఇస్తాడు. ఈ పనిలో బటర్‌ఫ్లై పలకను పట్టిన చిన్న స్క్రూలను తీయాల్సి వస్తుంది. కంపెనీలో వాటి చివర్లను నలగ్గొట్టి ఊడకుండా చేస్తారు. తిరిగి బిగించేటప్పుడు కూడా అలా చేయకపోతే ఏదో ఒకరోజు ఆ స్క్రూ నేరుగా సిలిండర్‌లో పడుతుంది, పిస్టన్ పోతుంది.

కార్బొరేటర్ కింద ఉండే నల్లటి బేకలైట్ దిమ్మను పనికిరాని ముక్కగా భావించి పక్కన పడేసిన బండ్లు ఉన్నాయి. ఇంజిన్ వేడి పెట్రోలు గదికి ఎక్కకుండా ఆపేది అదే. పెట్రోలులోని తేలిక భాగాలు 40 డిగ్రీల లోపే మరగడం మొదలవుతాయి. మే నెలలో బాపట్ల బజారులో బండి ఆపి పావుగంట తర్వాత వచ్చి స్టార్టు చేస్తే ఎక్కువసేపు తిరుగుతుందే తప్ప అందుకోదు. గదిలో పెట్రోలు ఉడికి మేనిఫోల్డ్‌లోకి పొంగి ఉంటుంది. అప్పుడు యాక్సిలరేటర్ పదేపదే కొట్టకూడదు. కొడితే పంపు ఇంకా చిమ్ముతుంది. పూర్తిగా తొక్కి పట్టుకుని సెల్ఫ్ కొడితే గాలి ఎక్కువగా పోయి ఆ అదనపు పెట్రోలును బయటికి తోలేస్తుంది.

పాత మెకానికల్ పెట్రోలు పంపు పాడైందని ఎంపీఎఫ్ఐ కారు పంపు తగిలించడం కూడా ప్రమాదమే. కార్బొరేటర్‌కు కావలసిన ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు పావు కిలో లోపు. ఇంజెక్షన్ పంపు దానికి పది రెట్లు నెడుతుంది. నీడిల్ వాల్వు ఆ ఒత్తిడికి ఆగదు, పెట్రోలు వేడి ఇంజిన్ మీదికి పొంగుతుంది.

మారిన పెట్రోలు

పాత కార్ల వాళ్లు ఇంధనం మారడం ఇంతకుముందు ఒకసారి చూశారు. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే వచ్చింది. ఇప్పుడు వచ్చింది ఇథనాల్. 2022లో పది శాతం కలపడం పూర్తయింది, 2023లో ఇరవై శాతం కలిపిన ఈ20 అమ్మకాలు మొదలయ్యాయి, 2025కి దేశంలో ఇరవై శాతం సాధారణమైంది. ఇథనాల్ చెరుకు నుంచే కాక నూకల నుంచి, మొక్కజొన్న నుంచి కూడా తీస్తున్నారు. ఈ మధ్య మొక్కజొన్న వాటా బాగా పెరిగింది. వరి కోతలయ్యాక దున్నకుండానే మొక్కజొన్న వేసే మన డెల్టా రైతుకు ఇది మంచి వార్తే. ఆ రైతు ఇంటి ముందున్న 1995 నాటి కారుకు మాత్రం కొంత సర్దుబాటు కావాలి.

ఇథనాల్ అణువులో ఆక్సిజన్ ముందే ఉంది, బరువులో మూడో వంతుకు పైగా. అందువల్ల అది మండడానికి బయటి గాలి తక్కువ చాలు: గ్రాముకు 9 గ్రాములు. ఇరవై శాతం కలిపిన పెట్రోలుకు సరైన నిష్పత్తి 14.7 నుంచి సుమారు 13.5కు దిగుతుంది. ఇంజెక్షన్ కారులో సైలెన్సర్ గొట్టంలోని ఆక్సిజన్ సెన్సరు ఈ తేడాను పసిగట్టి పెట్రోలు పెంచుతుంది. కార్బొరేటర్‌కు ఆ తెలివి లేదు. పాత జెట్లతో అది పాత పాళ్లే ఇస్తుంది, మిశ్రమం దాదాపు ఎనిమిది శాతం పలచబడుతుంది. ఆ పలచదనమే చల్లటి ఉదయం స్టార్టింగ్ ట్రబుల్, స్లోలో మిస్సింగ్, ఎత్తు ఎక్కేటప్పుడు నీరసం, సైలెన్సర్‌లో పటపటలుగా బయటపడుతుంది.

దీనికి మందు లెక్కలోనే ఉంది. పెట్రోలు ఎనిమిది శాతం పెరగాలంటే రంధ్రం వైశాల్యం ఎనిమిది శాతం పెరగాలి, వ్యాసం నాలుగు శాతం చాలు. 100 నంబరు మెయిన్ జెట్టు ఉన్నచోట 102.5 గానీ 105 గానీ. ఒక మెట్టు పెంచి, నడిపి చూసి, అవసరమైతేనే రెండో మెట్టు. పైలట్ జెట్టుకు చాలాసార్లు స్క్రూ సర్దుబాటు సరిపోతుంది. మైలేజీ ఆరేడు శాతం తగ్గడాన్ని ఏ ట్యూనింగూ ఆపలేదు. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలులో మూడింట రెండు వంతులే.

ఇంకో సంగతి రబ్బరు. 2023 ఏప్రిల్ తర్వాత తయారైన కార్లు ఈ20ని తట్టుకునే పదార్థాలతో వస్తున్నాయి. అంతకు చాలా ముందటి డయాఫ్రంలు, ఓ రింగులు, పెట్రోలు పైపులు ఉబ్బి, మెత్తబడి, ఎండినప్పుడు పెళుసుగా పగులుతాయి. కిట్టు కొనేటప్పుడు ధర కన్నా ముందు ఇథనాల్‌ను తట్టుకుంటుందా అని అడగాలి. వైటన్ రకం రబ్బరు మొన ఉన్న నీడిల్, ఇథనాల్‌కు పనికొచ్చే పైపు దొరికితే నాలుగు డబ్బులు ఎక్కువైనా తీసుకోవాలి. పైపు పగిలితే చుక్కలు పడేది వేడి ఇంజిన్ మీద.

ఇథనాల్ నీటిని లాగుతుంది. మనది సముద్రపు గాలి. సూర్యలంక, నిజాంపట్నం తీరాలు దగ్గరే.  పది శాతం మిశ్రమం సుమారు అర శాతం నీటిని కలుపుకుని ఉండగలదు. అది దాటితే నీరు, ఇథనాల్ కలిసి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరతాయి. ఈ20 మరికొంత నీటిని ఓర్చుకుంటుంది, ఓర్పుకు హద్దు మాత్రం దానికీ ఉంది. ఫ్లోట్ గది అడుగున తెల్లటి బంక, పచ్చబడిన ఇత్తడి కనబడితే కార్బొరేటర్ ఒక్కటే కడిగి లాభం లేదు. ట్యాంకు దించి కడగాలి, ఫిల్టరు మార్చాలి.

ట్యూనింగ్

బిగించాక ఇంజిన్ బాగా వేడెక్కేదాకా నడపాలి. ఎయిర్ ఫిల్టరు పెట్టే ట్యూన్ చేయాలి, తీసి చేస్తే లెక్క తప్పుతుంది. ప్లగ్గులు, పాయింట్ల గ్యాపు, టైమింగు ముందే సరిచూసి ఉండాలి. స్లోను 850 చుట్ల దగ్గర పెట్టి, మిక్స్చర్ స్క్రూను పావు చుట్టు చొప్పున తిప్పుతూ చుట్లు గరిష్ఠమయ్యే చోట ఆపాలి. అక్కడి నుంచి కాస్త పలచన వైపు తిప్పి, మళ్లీ స్లో స్క్రూతో 850కి తేవాలి.

ఆ తర్వాత చాలామంది వాడుకోని సాధనం ఒకటి ఉంది: పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చే కేంద్రం. అక్కడి యంత్రం స్లోలో కార్బన్ మోనాక్సైడ్ ఎంత శాతమో చూపిస్తుంది. బీఎస్ 2 కన్నా ముందటి పెట్రోలు కార్లకు హద్దు 3 శాతం. కాగితం తీసుకుని రావడంతో ఆగకుండా, ఆ అంకె చూస్తూ స్క్రూ తిప్పనివ్వమని అడగాలి. ఒకటిన్నర, రెండు మధ్య నిలబడితే పాత ఇంజిన్ హాయిగా తిరుగుతుంది. మూడు దాటితే పెట్రోలు వృథా. అర శాతానికి దిగి ఇంజిన్ వణుకుతుంటే మరీ పలచన. ప్లగ్గు రంగు చూసి చెప్పే పాత పద్ధతి ఇప్పటి పెట్రోలుతో అంత నమ్మకంగా పనిచేయడం లేదు, ఈ అంకెను నమ్మవచ్చు.

ఇక్కడ ట్యూన్ చేసిన కారు హైదరాబాదు పోతే మళ్లీ మార్చాలా అని చాలామంది అడుగుతుంటారు. అక్కరలేదు. హైదరాబాదు సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడ గాలి మనకన్నా ఆరు శాతం పలచన. మిశ్రమం చిక్కబడేది అందులో సగం, మూడు శాతం. చెరుకుపల్లిలోనే జనవరి తెల్లవారుజామున 20 డిగ్రీలకూ, మే మధ్యాహ్నం 42 డిగ్రీలకూ నడుమ గాలి సాంద్రత ఏడు శాతం మారుతుంది. ఊళ్లో ఉన్న బండి ఏటా అంత తేడాను భరిస్తూనే ఉంది. 2,240 మీటర్ల ఎత్తున ఉన్న ఊటీకి పోతే మాత్రం మిశ్రమం పది శాతం చిక్కబడి నల్లపొగ రావచ్చు.

నాలుగైదు రోజులు నడిపాక మేనిఫోల్డ్ నట్లను ఒకసారి చూసుకోవాలి. కొత్త ప్యాకింగ్ వేడికి అణిగి నట్లు వదులవుతాయి. సమంగా, ఎదురెదురుగా, మితంగా బిగించాలి.

పిల్లలు అమెరికాలోనో హైదరాబాదులోనో ఉండి, సంక్రాంతికి మాత్రమే కారు బయటికి తీసే ఇళ్లు ఈ పక్క చాలా ఉన్నాయి. అలాంటి కార్ల కార్బొరేటర్లు నడిచి చెడవు, నిలబడి చెడతాయి. గదిలో మిగిలిన పెట్రోలు వారాల్లో ఆవిరై బంక మిగులుతుంది, నీరు పట్టిన ఇథనాల్ బాడీని తింటుంది, ప్యాకింగులు ఎండి కుంచించుకుపోతాయి. ఎల్పీజీ మీద నడుపుతూ పెట్రోలు వైపు ఏళ్ల తరబడి వాడని బండ్లలో కూడా ఇదే జరుగుతుంది. నెలకు పైగా నిలిపేటప్పుడు పెట్రోలు పంపు పైపు తీసి, బయటికొచ్చిన చివరను మూసి, గది ఖాళీ అయ్యేదాకా ఇంజిన్‌ను స్లోలో నడిపి ఆపేయాలి. ట్యాంకును మాత్రం నిండుగా ఉంచాలి. ఖాళీ చోటు తక్కువైతే తేమగాలికి చోటుండదు. మళ్లీ తీసే రోజు పైపు తగిలించి, మెకానికల్ పంపు గదిని నింపేదాకా సెల్ఫ్‌ను పది సెకన్ల చొప్పున, మధ్యలో విరామమిస్తూ తిప్పాలి. చోక్ లాగి ఒకసారి తొక్కి వదిలాక అందుకుంటుంది.